విశాఖ గాలికి, మీ జుట్టుకు సరిపడే మూలికల హెయిర్ బామ్ ఎంచుకోవడం ఎలా?

డబ్బా మీద ఉసిరికాయ బొమ్మ చూసో, గుంటగలగరాకు పేరు చూసో బామ్ కొంటే అది మీ జుట్టుకు పడొచ్చు, పడకపోనూ వచ్చు. ఒకే బామ్ అక్కకి పట్టులా కుదిరి చెల్లికి జిడ్డులా అంటుకుంటుంది. తప్పు అందులోని ఆకులది కాదు. ఎవరి వెంట్రుక నీటిని ఎంత త్వరగా తాగుతుంది, తాగిన నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది అన్నదే తేడా. దానికి తోడు మన ఊరి గాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు విశాఖలో గాలి తడిగానే ఉంటుంది. హైదరాబాద్ చుట్టాలు తెగ మెచ్చుకున్న బామ్ ఇక్కడికి వచ్చేసరికి జుట్టును పిచ్చుక గూడు చేసేది అందుకే.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. కొట్టులో 'హెయిర్ బామ్' అని అడిగితే రెండు వేర్వేరు సరుకులు చూపిస్తారు. ఒకటి తలంటు తర్వాత రాసి కడిగేసేది. క్రీములా ఉంటుంది, సగానికి పైగా నీళ్ళే. రెండోది కడగకుండా వదిలేసేది. చిన్న డబ్బాలో గట్టిగా ఉంటుంది, తేనెమైనం, షియా బటర్ అనే గింజల కొవ్వు, నూనెలతో చేస్తారు. తేడా తెలియకపోతే గ్లాసుడు నీళ్ళలో బఠాణీ గింజంత వేసి చెంచాతో తిప్పండి. మొదటిది పాలలా కలిసిపోతుంది, రెండోది పైకి తేలి గ్లాసు అంచుకు అంటుకుంటుంది. జుట్టుకు తేమ ఇచ్చి మెత్తబరిచేది మొదటిది. రెండోది తేమను లోపల ఉంచి మూత వేస్తుంది, అంతే. పొడిబారిన జుట్టుకు నేరుగా రెండోది రాసి, 'ఎంత రాసినా ఎండుగడ్డిలానే ఉంది' అని బాధపడేవాళ్ళే ఎక్కువ. లోపల నీరే లేనప్పుడు మూత పెట్టి లాభమేమిటి?

మొదటి మెట్టు: వెంట్రుకను పరీక్షించండి

తలంటుకున్న రోజున, నూనె గానీ కండిషనర్ గానీ రాయకముందు, జుట్టు పూర్తిగా ఆరాక ఈ పని చేయాలి. ఒక పాయ తీసుకుని స్ప్రే సీసాతో రెండు మూడు సార్లు నీళ్ళు చిమ్మండి. నీటి చుక్కలు తామరాకు మీద నిలిచినట్టు రెండు మూడు నిమిషాలు అలాగే ఉంటే మీ వెంట్రుక నీరు త్వరగా తాగని రకం. చిమ్మిన వెంటనే పాయ రంగు ముదిరి తడిసిపోతే ఇట్టే తాగేసే రకం. ఈ రెంటికీ నడుమ ఉంటే మామూలు జుట్టు.

ఇదే పరీక్ష చివర్ల దగ్గర మళ్ళీ చేయండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడ చివర నాలుగైదేళ్ళ పాత వెంట్రుక. ఇన్నేళ్ళ ఎండ, ఉప్పు గాలి, దువ్వెన దెబ్బలన్నీ తిన్నది అదే. కుదుళ్ళ దగ్గర నీరు తాగని జుట్టు చివర్లలో స్పాంజిలా పీల్చడం చాలామందిలో కనిపిస్తుంది. అలాంటప్పుడు బామ్‌ను చివర్లను బట్టి ఎంచుకోవాలి. దాన్ని రాసేది అక్కడే.

గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి తేలిందా మునిగిందా చూడమనే చిట్కా ఒకటి అందరి నోటా తిరుగుతోంది. దాన్ని నమ్మకండి. వెంట్రుక మీద కాస్త నూనె ఉన్నా, ఒక గాలి బుడగ అంటుకున్నా ఎలాంటి వెంట్రుకైనా తేలుతుంది. 'తల ఆరడానికి ఎంతసేపు పడుతోంది' అన్న లెక్క కూడా మన ఊళ్ళో సరిగా రాదు. ఆగస్టు ఉక్కలో ఎవరి తలైనా గంటల తరబడి ఆరదు. ఆ లెక్కే కావాలంటే మీ అంతే ఒత్తుగా జుట్టున్న ఇంటి మనిషితో, అదే రోజున పోల్చి చూసుకోండి.

తర్వాత లావు చూడాలి. ఒకే ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. వేళ్ళకు ఏమీ తెలియకపోతే సన్న వెంట్రుక, కుట్టుదారంలా స్పష్టంగా తగిలితే లావు వెంట్రుక. ఒత్తు వేరు, లావు వేరు. తల నిండా జుట్టుండి, ఒక్కో వెంట్రుక మాత్రం సన్నంగా ఉన్నవాళ్ళు 'నాది మందపాటి జుట్టు' అనుకుని బరువైన బామ్ కొని నెత్తిన జిడ్డు పెట్టుకుంటారు.

ఇక మాడు. తలంటిన మర్నాడు ఉదయం, ఫ్యాను కింద ఒంటి చెమట ఆరాక, నడినెత్తిన టిష్యూ కాగితం పెట్టి పది సెకన్లు అదమండి. మరక పడితే ఆ కాగితాన్ని పక్కన పెట్టి పావుగంట ఆగండి. ఆరిపోతే అది చెమట. కాగితం అద్దంలా మెరుస్తూ అలాగే ఉండిపోతే నూనె. ఇక్కడి ఉక్కలో ఈ రెండూ కలగాపులగమై, చెమట పట్టే తలనంతా జిడ్డు తల అనుకుంటారు.

రెండో మెట్టు: మీ ఇంటి నీళ్ళు

కొత్త బామ్ పని చేయలేదని మార్చేసే ముందు నీళ్ళను అనుమానించండి. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని ఒకదానిలో మీరు తల పోసుకునే నీళ్ళు, రెండోదానిలో తాగే ప్యాకేజ్డ్ నీళ్ళు సగం వరకు పోయండి. రెంటిలోనూ ఒంటి సబ్బు తురుము చెరో చిటికెడు వేసి పది సెకన్లు బాగా కుదపండి. నురగ పెద్దగా రాకుండా నీళ్ళు తెల్లగా విరిగినట్టు కనిపిస్తే అవి గట్టి నీళ్ళు. ఈ పరీక్షకు షాంపూ పనికిరాదు, అది గట్టి నీళ్ళలో కూడా నురగనిస్తుంది.

కుళాయి నీళ్ళు చాలక బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఈ బెడద ఎక్కువ. సముద్రం ఒడ్డున కొన్నిచోట్ల బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుంటేనే ఉప్పగా తెలుస్తాయి. గట్టి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పొరలా పేరుకుంటాయి. ఆ పొర మీద బామ్ రాయడం దుమ్ము దులపని గోడకు రంగేసినట్టు.

దీనికి చేయాల్సింది పెద్దగా లేదు. వారానికోసారి, షాంపూ కడిగాక, లీటరు మంచినీళ్ళలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి జుట్టు పొడవునా పోసుకోండి. ఒక నిమిషం ఆగి మంచినీళ్ళతో కడిగి, అప్పుడు బామ్ రాయండి. వెనిగర్ బదులు నిమ్మరసం పిండుకుంటే ఒక చిన్న చెంచా చాలు, దాన్నీ బాగా కడిగేయాలి. నిమ్మరసం మెడ మీదో నుదుటి మీదో మిగిలిపోయి, అలాగే ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లటి మచ్చలు పడతాయి.

ఆర్వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్ళు బకెట్‌లో పట్టి స్నానానికి వాడే ఇళ్ళున్నాయి. నీటి పొదుపు మంచిదే, కానీ ఫిల్టరు వదిలేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే చిక్కబడి ఉంటాయి. దాన్ని ఇల్లు తుడవడానికి వాడండి, తలకు వద్దు.

తలంటుకు కుంకుడుకాయలు వాడేవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. సబ్బులా కుంకుడు గట్టి నీటితో కలిసి తెల్లటి గసి కట్టదు. మన్యం కుంకుళ్ళు, శీకాయ కావాలంటే 1956 నుంచి విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, దుకాణాల్లో అడగండి. విడిగా కొనాలంటే పూర్ణా మార్కెట్ పచారీ కొట్లున్నాయి. అయితే కుంకుడు జిడ్డును గీకి తీసినట్టు తీసేస్తుంది. కుంకుడు పోసుకున్న రోజున బామ్ మానకండి.

మూడో మెట్టు: ఏ నెలలో వాడతారు?

తేమనిచ్చే బామ్‌లలో ఎక్కువగా కనిపించేది గ్లిజరిన్. అది చుట్టుపక్కల నీటిని లాగి పట్టుకుంటుంది. గాలి మరీ పొడిగా ఉంటే దానికి లాగడానికి నీరుండదు. మరీ తడిగా ఉంటే అవసరానికి మించి లాగుతుంది. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. అలా ఉబ్బినప్పుడు పై పొలుసులు లేచి, పాయలు విడిపోయి, తల చుట్టూ నురగలా జుట్టు లేస్తుంది. ఇట్టే నీరు తాగేసే జుట్టుకు ఇది మరీ ఎక్కువ.

మీ ఇంట్లోనే దీనికి ఒక కొలమానం ఉంది, కొబ్బరినూనె సీసా. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఉదయం లేచేసరికి సీసాలో నూనె గడ్డకట్టి కనిపించే రోజులు మన ఊళ్ళో డిసెంబరు, జనవరి ప్రాంతంలో కొన్ని వారాలే. గాలి కాస్త పొడిగా ఉండేదీ అప్పుడే. నూనె గడ్డకట్టే రోజుల్లో గ్లిజరిన్ ఎక్కువున్న బామ్, కరిగి కదలాడే రోజుల్లో గ్లిజరిన్ తక్కువున్న బామ్. ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు. రుషికొండ ఐటీ ఆఫీసులో రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ళకు మాత్రం ఏడాది పొడవునా కొంచెం గ్లిజరిన్ ఉన్నా ఇబ్బంది లేదు. ఆఫీసు దాటి బయటికి రాగానే జుట్టు లేస్తే అప్పుడు తగ్గించండి.

నాలుగో మెట్టు: లేబుల్ చదవడం

అసలు పని ఇక్కడుంది. డబ్బా ముందు భాగం చూడకండి, తిప్పండి. మన దేశపు నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల్లో 1 శాతం మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఈ ఒక్క నియమం తెలిస్తే డబ్బా గుట్టు సగం బయటపడినట్టే.

ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థం పేరు వెతకండి. దాన్ని 1 శాతానికి మించి వాడకూడదు. కాబట్టి ఆ పేరు తర్వాత వచ్చేవన్నీ 1 శాతం లోపే. ఇప్పుడు డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న మూలికలు ఎక్కడున్నాయో చూడండి. ఎంబ్లికా అఫిసినాలిస్ అంటే ఉసిరి. ఎక్లిప్టా ఆల్బా మన గుంటగలగరాకు. హైబిస్కస్ రోసా సైనెన్సిస్ మందార, ట్రైగొనెల్లా మెంతులు, అలో బార్బడెన్సిస్ కలబంద, అకేషియా కాన్సిన్నా శీకాయ. ఇవన్నీ ఫినాక్సీఇథనాల్ కింద క్యూ కట్టి ఉంటే, మీరు కొంటున్నది మామూలు కండిషనర్, దానికి పేరంటానికి పెట్టినట్టు చిటికెడు చిటికెడు ఆకు పసరు. అది చెడ్డదేం కాదు. ఆకుల పేరు చెప్పి రెట్టింపు ధర అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు.

ఆయుర్వేద మందుల లైసెన్సుతో వచ్చే నూనెలు, లేపనాల తీరు వేరు. వాటిమీద సాధారణంగా ఇన్ని గ్రాముల్లో ఏ మూలిక ఎంతుందో అంకెలతో ఉంటుంది. మూలికల పాలు ఎంతో నిజంగా తెలుసుకోవాలంటే అవే నయం.

బామ్‌లో పని చేసేవి ఏమిటో ఇప్పుడు చూద్దాం. మొదటి పేరు ఆక్వా అయితే నీళ్ళు, అంటే కడిగేసే రకం. దాని వెంటే సెటిరిల్ ఆల్కహాల్, సెటైల్ ఆల్కహాల్, స్టియరిల్ ఆల్కహాల్ కనిపిస్తాయి. ఆల్కహాల్ అన్న మాట చూసి బెదరకండి. ఇవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు, మెత్తబరుస్తాయి. జుట్టును ఎండబెట్టేది ఆల్కహాల్ డినాట్ అని రాసి ఉండేది. అది మొదటి అయిదు పేర్లలో ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి.

బెహెన్‌ట్రైమోనియం, సెట్రిమోనియం అని మొదలయ్యే పేర్లు ఉండాలి. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది, వీటికి ధనావేశం. అందుకని అవి అయస్కాంతంలా దెబ్బతిన్న చోటే అంటుకుని, కడిగాక కూడా పలచని పొరగా మిగులుతాయి. చిక్కు తీసేది ఇవే. బెహెన్‌ట్రైమోనియం చిక్కగా పట్టుకుంటుంది, సెట్రిమోనియం తేలిక. ఒక్క ఆకు పసరు మాత్రమే ఉన్న, ఇవేవీ లేని 'వంద శాతం సహజ' బామ్ కడిగితే నీళ్ళతో పాటే తూములోకి పోతుంది.

నూనెల్లో కొబ్బరినూనెది ప్రత్యేక స్థానం. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, వెంట్రుక లోపలికి దిగుతుంది. తలంటుకు ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని ప్రోటీన్ నష్టం తగ్గుతుందని, మినరల్ ఆయిల్‌కూ పొద్దుతిరుగుడు నూనెకూ ఆ గుణం లేదని 2003లో వచ్చిన పరిశోధన చూపించింది. లైట్ లిక్విడ్ పారాఫిన్ అని రాసి ఉంటే అదే మినరల్ ఆయిల్. పైపూతగా మెరుపునిస్తుంది, లోపలికి వెళ్ళదు. ఆముదం చిక్కన, పై పొరగా ఉండిపోతుంది. మందార, మెంతులు, కలబంద ఇచ్చేది జిగురు, దానివల్ల దువ్వెన సాఫీగా జారుతుంది. ఇవి కాస్త పైవరసలో ఉంటేనే ఆ గుణం చేతికి తెలుస్తుంది. కుదుళ్ళు గట్టిపడతాయి, జుట్టు పెరుగుతుంది అన్న మాటలు చివర్లకు రాసి మూడు నిమిషాల్లో కడిగేసే బామ్ గురించి ఎవరు చెప్పినా వినకండి.

ఐదో మెట్టు: మీ రకానికి ఏది?

నీరు త్వరగా తాగని జుట్టుకు తేలికైన బామ్. నీళ్ళు, సెటైల్ ఆల్కహాల్, సెట్రిమోనియం, కలబంద ఉంటే సరిపోతుంది. షియా బటర్, కోకో బటర్, ఆముదం మొదటి అయిదు పేర్లలో ఉండకూడదు, పైన కూర్చుని జిడ్డవుతాయి. హైడ్రోలైజ్డ్ అని మొదలయ్యే గోధుమ, సోయా, పట్టు ప్రోటీన్లు కూడా ఈ జుట్టును కొబ్బరి పీచులా బిరుసెక్కించవచ్చు. గోరువెచ్చని నీళ్ళతో తలంటి, బామ్ రాశాక వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు చుట్టుకుంటే త్వరగా ఇంకుతుంది.

ఇట్టే తాగేసే జుట్టు అంటే రంగు వేసినది, స్ట్రెయిటెనింగ్ చేయించినది, వారం వారం సముద్రంలో మునిగేది. వీటికి బెహెన్‌ట్రైమోనియంతో పాటు కొబ్బరి లేదా నువ్వుల నూనె, ఏదో ఒక బటర్ పైవరసలో ఉన్న చిక్కటి బామ్ కావాలి. ప్రోటీన్లు వీటికి మేలే. అమోడైమెథికోన్ ఉందని మూలికల బామ్‌ను తిరస్కరించకండి. ఆ సిలికోన్ దెబ్బతిన్న చోట నిలిచి ఉబ్బును అడ్డుకుంటుంది, ఉక్క కాలంలో అదే దిక్కు. తరచూ గోరింటాకు పెట్టుకునేవాళ్ళ జుట్టు గరుకెక్కుతుంది. పెట్టుకున్న వారం ప్రోటీన్ లేని, నూనె ఉన్న బామ్ రాయండి.

రింగుల జుట్టుకు కడిగేసే బామ్ ఒక్కటే చాలదు. బామ్ పూర్తిగా కడగకుండా కాస్త జారుడు మిగిలేలా వదిలి, పైన అవిసె గింజల జెల్ రాస్తే రింగులు గాలికి విడిపోవు. నాలుగు పెద్ద చెంచాల గింజలను అర లీటరు నీళ్ళలో ఏడెనిమిది నిమిషాలు సన్నమంట మీద ఉడికించండి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడే దించి వేడిగా ఉండగానే వడకట్టండి. చల్లారనిచ్చారా, గుడ్డలోంచి చుక్క దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారేయండి.

సన్న జుట్టు, జిడ్డు మాడు ఉన్నవాళ్ళు ఏ బామైనా చెవుల కిందనుంచే రాయాలి. చుండ్రు ఉంటే మాడుకు అసలు అంటనివ్వద్దు. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే ఫంగస్ కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది, నూనె బామ్ దానికి విందు. వేప పేరు రాసి ఉన్నా సరే. చుండ్రుకు ముందు మందు షాంపూ వాడి, నెలలో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి.

మగవాళ్ళ పొట్టి జుట్టుకు కడిగేసే బామ్ పావు చెంచా కూడా ఎక్కువే. గాజువాక వైపు నుంచి రోజూ హెల్మెట్‌తో తిరిగేవాళ్ళు మైనం బామ్ నుదుటి అంచున రాయకండి. చెమట, మైనం, హెల్మెట్ రాపిడి కలిసి నుదుటి మీద వరసగా చిన్న మొటిమలు లేస్తాయి.

ఆరో మెట్టు: చిన్న ప్యాక్ కొని పరీక్షించడం

పెద్ద డబ్బా మొదటిసారే కొనకండి. సాచెట్ లేదా ఉన్నవాటిలో చిన్న ప్యాక్ తీసుకోండి. తయారీ తేదీ, ఎప్పటిలోపు వాడాలి, బ్యాచ్, లైసెన్సు నంబర్లు, తయారీదారు చిరునామా ఉండాలి. సంతల్లో విడిగా అమ్మే పేరులేని డబ్బాల్లో ఇవేవీ ఉండవు. తెరిచిన డబ్బా బొమ్మలో 12 అంకె ఉంటే మూత తీశాక పన్నెండు నెలల్లో అయిపోవాలని అర్థం.

మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి 24 నుంచి 48 గంటలు చూడండి. మూలికలు కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. సువాసన నూనెలతో దురద, దద్దుర్లు వచ్చేవాళ్ళు ఉన్నారు. ఏమీ లేకపోతే ఒకే బామ్‌ను మూడు నాలుగు తలంట్లు వాడి అప్పుడు తీర్పు చెప్పండి. మొదటి రోజు మెరుపును బట్టి చెప్పకండి, మర్నాడు సాయంత్రం బీచ్ రోడ్డు గాలి తగిలాక జడ ఎలా ఉందో చూడండి.

ఏడో మెట్టు: రాసే పద్ధతి

నీళ్ళు కారుతున్న జుట్టుకు బామ్ రాస్తే సగం నేల పాలే. షాంపూ కడిగాక జుట్టును రెండు చేతులతో పిండండి, పాత టీ షర్టుతో అద్దండి. తువ్వాలుతో రుద్దకండి. మెడ వరకు జుట్టుకు అర చిన్న చెంచా, భుజాల దాకా ఒక చిన్న చెంచా, నడుము దాకా జడకు రెండు మూడు చెంచాలు. అరచేతుల్లో రుద్ది ముందు చివర్లకు, తర్వాత పైకి. మాడుకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోవాలి. వెడల్పాటి పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి చిక్కు తీయండి. రెండు మూడు నిమిషాలు చాలు, అరగంట ఉంచినందువల్ల పెద్దగా కలిసొచ్చేదేం లేదు. కడిగేటప్పుడు చేతికి జారుడు పోయి, గరుకు రాని చోట ఆపండి.

మైనం బామ్ అయితే ఇంకా తడి ఉన్న చివర్లకు, శనగ గింజంత, చేతిలో పూర్తిగా కరిగించి రాయాలి. గడ్డగా అంటితే అక్కడ జుట్టు అతుక్కుపోతుంది, దుమ్ము పడుతుంది.

రుషికొండకో భీమిలికో స్నానానికి వెళ్ళే రోజున ముందే మంచినీళ్ళతో తల తడిపి కాస్త కడిగేసే బామ్ రాసి జడ వేయండి. మంచినీరు తాగేసిన వెంట్రుకలోకి ఉప్పునీరు తక్కువగా వెళ్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, దాన్ని తలలోనే ఆరనిస్తే చివర్లు గాజులా పెళుసెక్కుతాయి. ఒడ్డుకు రాగానే కడగండి.

తేడా చేస్తే

రాసిన మర్నాటికే జిడ్డయితే ముందు మోతాదు సగం చేయండి, అప్పుడూ తగ్గకపోతే తేలిక బామ్‌కు మారండి. మొదటి నెల బాగుండి తర్వాత మొద్దుబారితే పొర పేరుకుంది, ఒకసారి గాఢమైన షాంపూతో, తర్వాత పైన చెప్పిన వెనిగర్ నీళ్ళతో కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. మెత్తగా ఉండి సాగి తెగుతుంటే ప్రోటీన్ తక్కువ, గట్టిగా ఉండి పుటుక్కున విరుగుతుంటే ప్రోటీన్ ఎక్కువ లేదా తేమ తక్కువ. చిట్లిన చివర్లను ఏ బామూ అతికించదు, రెండు సెంటీమీటర్లు కత్తిరించడమే.

మెంతులు రుబ్బి, మందారాకు నూరి ఇంట్లోనే చేసుకుంటే తప్పకుండా పలచని గుడ్డలో వడకట్టండి. నలకలు జుట్టులో ఇరుక్కుంటే రెండు రోజులు రాలుతూనే ఉంటాయి. ఇంట్లో చేసినది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, బయట పెడితే ఒక్క పూట. నీళ్ళున్నచోట నిల్వ పదార్థం లేకపోతే బూజు ఎంతో సేపు ఆగదు.

మైనం బామ్ డబ్బాను మే నెలలో కారులోనో స్కూటీ డిక్కీలోనో ఉంచకండి. షియా బటర్ కరిగి నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు రవ్వలా గింజ కడుతుంది. పాడైనట్టు కాదు, వేళ్ళ మధ్య నలిపితే కరుగుతుంది. విసుగనిపిస్తే డబ్బాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. త్వరగా గడ్డకడితే మళ్ళీ నున్నగా వస్తుంది.